చిన్న తుపాకీకి కళ్ళజోడు

నవలలు రాసేవాళ్ళకి ఎప్పుడు ఏ విద్య అవసరం పడుతుందో చెప్పలేం. ఇప్పుడు రాస్తున్న దాంట్లో నా కథానాయిక అమెరికాలో, మోంటానాలో కాపురముంటోంది. లైసెన్సు తీసుకుని జింకల వేటకి వెళుతుంది. మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది కనుక ఇక్కడ ఆ ముచ్చట తీరదు. అక్కడ మాత్రం ఆ మాంసం దాచుకుని చలికాలమంతా వండుకునే ఇళ్ళున్నాయి.

ఆవిడది పొట్టి రైఫిలు. దానికి దుర్భిణి కావాలి, అంటే తుపాకీకి కళ్ళజోడన్నమాట.

"పెద్దదే కొనిపించు, డబ్బు నీది కాదుగా!" అన్నారు మావారు. మగవాళ్ళకి ఏది కొన్నా పెద్దదే కావాలి.

ముందు అద్దం 50 మిల్లీమీటర్లున్న దుర్భిణి అరకిలో పైమాటే. మూడు కిలోల తుపాకీ మీద అది చంటిపిల్ల నెత్తిన బిందె పెట్టినట్టుంటుంది. జెఫ్ కూపర్ అనే అమెరికన్ తుపాకీ పండితుడు 1980లలో 'స్కౌట్' రైఫిలుకి కొలతలు చెబుతూ, పొడవు మీటరు లోపు, దుర్భిణితో కలిపి బరువు మూడు కిలోలకి అటూ ఇటూ ఉండాలన్నాడు. రెండు మూడు రెట్లు పెంచి చూపిస్తే చాలన్నాడు.

నిజమే. రెట్లు పెరిగేకొద్దీ జింకతోపాటు మన చేతి వణుకూ పెద్దదవుతుంది. చూపు మేర ఇరుకైపోతుంది. వెతుక్కునేలోగా జింక మాయం! రెండు నుంచి ఏడు రెట్లదాకా తిప్పుకునే 33 మిల్లీమీటర్లది మూడువందల గ్రాముల చిల్లరలో దొరుకుతుంది. మునిమాపు వేళ నాలుగు రెట్ల మీద పెడితే, 33ని 4తో భాగించండి, కంటికి చేరే వెలుగు చుక్క వెడల్పు ఎనిమిది మిల్లీమీటర్లు. చీకట్లో కనుపాప విచ్చుకునేది ఏడుదాకా. నలభై దాటిన మనకి ఇంకా తక్కువే. అంతకన్నా పెద్ద అద్దం మోసి ఏం లాభం?

ఒక్కచోట మాత్రం పిసినారితనం పనికిరాదు. తేలిక తుపాకీ గట్టిగా వెనక్కి తంతుంది. కంటికీ దుర్భిణికీ మధ్య మూడున్నర, నాలుగంగుళాల ఎడం ఇచ్చేది కొనాలి. లేకపోతే దాని అంచు కనుబొమ్మని చీరేస్తుంది. ఆ భయం పట్టుకుందా, ట్రిగ్గరు నొక్కేముందే కళ్ళు మూతపడతాయి.

గురి పూర్తిగా తప్పితే జింక అదృష్టం. సగం తప్పితేనే పాపం. గాయంతో పొదల్లో దూరి రాత్రంతా కొట్టుకునే ప్రాణిని ఏ దుర్భిణీ వెతికి చూపించదు. అందుకే నా కథానాయికకి తేలికదే కొనిపించాను. కనిపించినంత దూరమూ కాల్చదగ్గ దూరం కాదని తెలిసిన మనిషి ఆవిడ. ఇంకాస్త దగ్గరకి నడిచి వెళుతుంది. నడవాలంటే భుజాన బరువు తక్కువుండాలి కదండీ!