తొలి గుండు

1907వ సంవత్సరంలో కుమావూన్ కొండల్లోని చంపావత్ సమీపాన ఒక ఆడపులి నేలకూలింది. అంతకుముందు అది నేపాలులో 200 మందిని, కుమావూన్‌లో 236 మందిని పొట్టన పెట్టుకొన్నదని నాటి లెక్క. దాని భయానికి పట్టపగలే ఊళ్లు తలుపులు బిగించుకొని కూర్చున్నాయి. దానిని చంపినవాడు నైనితాల్‌లో పుట్టి పెరిగిన జిమ్ కార్బెట్. చనిపోయిన పులి నోటిని పరీక్షించి చూస్తే కుడివైపు పై కోర సగానికి, కింది కోర ఎముకదాకా విరిగి ఉన్నాయి. అది ఏనాడో ఎవరో పేల్చిన గుండు చేసిన గాయం. కోరలు విరిగిన పులి తనకు సహజాహారమైన జంతువులను పడగొట్టలేదు. మనిషిని పడగొట్టడానికి అంత బలం అక్కరలేదు.

ఆ గుండు పేల్చిన వేటగాడెవరో చరిత్రకు తెలియదు. గురి తప్పిందని నిట్టూర్చి, ఆ రాత్రి సుఖంగానే నిద్రించి ఉంటాడు. అతడి తప్పుకు మూల్యం చెల్లించినవారు మాత్రం అతడి పేరైనా ఎరుగని పల్లెవాసులు. పులి నరభక్షకిగా మారడానికి పదింట తొమ్మిది సందర్భాల్లో మానని గాయాలే కారణమని కార్బెట్ 1944లో వెలువడిన తన ‘మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూన్’ గ్రంథంలో అభిప్రాయపడ్డాడు. ఈ దృష్టితో చూచినప్పుడు, వేటకు బయలుదేరే ముందు తుపాకి గురిని సరిచూసుకోవడమనే చిన్న పనికి ఎంత బరువున్నదో బోధపడుతుంది.

తుపాకిని గురిపెట్టి మీట నొక్కితే గుండు చూచిన చోటికే పోతుందని సామాన్యుల నమ్మకం. నిజానికి చూపు సాగే దారి వేరు, గుండు సాగే దారి వేరు. రైఫిలు గొట్టంపైన కంటికి చేరువలో ఒక గాడి, కొసన ఒక చిన్న పూస ఉంటాయి. కన్ను, గాడి, పూస, లక్ష్యం ఒకే రేఖపైకి రావాలి. చూపు రేఖ తిన్ననిది. గుండు మాత్రం గొట్టం వీడిన మరుక్షణం నుండే భూమ్యాకర్షణకు లోబడి దిగజారుతుంది. సెకనుకు 800 మీటర్ల వేగంతో వెలువడిన గుండు, గాలి అడ్డును లెక్కించకపోయినా, 100 మీటర్లు చేరేసరికి సుమారు 8 సెంటీమీటర్లు, 200 మీటర్లు చేరేసరికి 30 సెంటీమీటర్లకు పైగా దిగుతుంది. దూరం రెట్టింపయితే పతనం నాలుగింతలు కావడం భౌతికశాస్త్ర విద్యార్థులకు కొత్త విషయం కాదు. అందువల్ల చూపు రేఖతో పోల్చితే గొట్టం రవ్వంత పైకి వాలి ఉండేటట్లు అమరుస్తారు. గుండు ఆ రేఖను కిందినుండి దాటి, పైకి లేచి, తిరిగి దిగుతూ మరొకచోట కలుస్తుంది. ఆ రెండవ కలయికను తాను కోరిన దూరానికి తెచ్చుకోవడమే వేటగాడు చేసే పని. ప్రజల నోట నిలిచిన మత్స్యయంత్రం కథలో అర్జునుడు కింద నీటిలోని నీడను చూస్తూ పైనున్న చేపను కొట్టాడు. చూచిన చోటికీ, కొట్టిన చోటికీ నడుమ సమన్వయం సాధించినవాడే విలుకాడని ఆ కథ కల్పించినవారికి తెలుసు.

పని జరిగే తీరు నిరాడంబరమైనది. రైఫిలును ఇసుక సంచులపై ఆనించి, ముందు 25 మీటర్ల దగ్గర, పిదప 100 మీటర్ల దగ్గర కాగితపు లక్ష్యం నిలుపుతారు. ఒకే బిందువును చూచి మూడేసి గుండ్లు పేలుస్తారు. రంధ్రాలు మూడూ ఒకచోట గుమికూడి, ఆ గుంపు బిందువుకు ఎడంగా ఉంటే దోషం గురి అమరికది. అవి చెల్లాచెదురుగా పడితే దోషం తుపాకిదైనా కావచ్చు, పేల్చిన చేతిదైనా కావచ్చు. అప్పుడు అమరికను తాకకూడదు. గుంపు నడిబొడ్డును కొలిచి, గుండు ఏ వైపుకు పోవాలో వెనుక గాడిని ఆ వైపుకే జరపాలి. ముందు పూసనైతే అందుకు వ్యతిరేక దిశలో జరపాలి. దుర్భిణి బిగించిన నేటి రైఫిళ్లలో ఇందుకు మరలుంటాయి. సాధారణంగా మర ఒక్క మెట్టు తిరిగితే 100 మీటర్ల దగ్గర గుండు 7 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఒక్క రంధ్రాన్ని చూచి మర తిప్పేవాడు తన చేతి వణుకునే దిద్దుకొంటూ పోతాడు తప్ప గురిని దిద్దుకోలేడు.

ఇంతవరకు చేసి సంతృప్తి పడేవారే అధికం. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. కాగితంపై పడిన మూడవ గుండు వేడెక్కిన గొట్టం నుండి వచ్చింది. అడవిలో పేలే తొలి గుండు చల్లని గొట్టం నుండి వస్తుంది. తుడిచి నూనె రాసిన గొట్టమైతే మొదటి గుండు తక్కినవాటికి దూరంగా పడవచ్చు. తేమకు ఉబ్బిన చెక్క గొట్టాన్ని ఒత్తినా, ప్రయాణపు కుదుపులకు మర సడలినా, తూటాల రకం మారినా నిన్నటి గురి నేడు నిలవదు. అనుభవజ్ఞులు అందుకే రోజుకు ఒక్క గుండే, చల్లని గొట్టంతో, అదే కాగితంపై పేలుస్తారు. నాలుగైదు రోజులకు ఆ కాగితంపై ఏర్పడిన గుంపే ఆ తుపాకి నిజస్వరూపం. ఓపిక లేనివారికి ఇది చాదస్తమనిపిస్తుంది.

2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో హైదరాబాదు క్రీడాకారుడు గగన్ నారంగ్ కాంస్య పతకం గెలిచాడు. అటువంటి పోటీల్లో లెక్కకు రాని గుండ్లు కొన్ని పేల్చి గురి చూసుకొనే వ్యవధి ముందుగా ఇస్తారు. అడవి ఆ వ్యవధి ఇవ్వదు. ఫిన్లాండులో ఎల్క్ అనే పెద్ద దుప్పిని రైఫిలుతో వేటాడదలచినవారు గురి పరీక్షలో నెగ్గాలి. మూడేళ్లకొకసారి మళ్లీ నిరూపించుకోవాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో జరిగిన సవరణ వినోదపు వేటకు తెరదించాయి. అది మంచిదే అయింది. దశరథుడంతటి విలుకాడు సరయూ తీరాన కంటితో చూడకుండా, కడవ మునిగే చప్పుడు విని బాణం వదిలాడు. గురి తప్పలేదు. తప్పినది ఎరుక.

తనది కాని తుపాకి చేతికి వస్తే ఏమవుతుందో చంపావత్‌లోనే తేలింది. ఆనాడు కార్బెట్ వద్ద ఉన్న తూటాలు మూడే. అవి అయిపోయాయి. గాయపడిన పులి ఎదుట నిలిచి ఉండగా ఆయన పరుగున వెళ్లి తహసీల్దారు తుపాకిని అడిగి తెచ్చాడు. ఎత్తి చూస్తే గొట్టాలకూ, వెనుక దిమ్మకూ నడుమ దాదాపు ఒక సెంటీమీటరు సందు! సుమారు 20 అడుగుల నుండి తెరచిన నోటిని చూచి పేలిస్తే గుండు పోయి ముందరి పంజాకు తగిలింది. అప్పటికే పులి కొనఊపిరితో ఉండటం అదృష్టం. ఈ సాహసానికి మెచ్చి సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు హ్యూవెట్ ఆయనకు 275 రిగ్బీ రైఫిలును బహూకరించాడు. అది ఆయనకు ప్రాణమిత్రమైంది.

రుద్రప్రయాగ ప్రాంతంలో 1918 నుండి 125 మందిని బలిగొన్న చిరుతపులి కోసం 1926 మే నెల ఆరంభంలో కార్బెట్ ఒక మామిడిచెట్టుపై కూర్చున్నాడు. అది వరుసగా పదకొండవ రాత్రి. కింద కట్టిన మేక మెడలోని గంట చప్పుడయింది. రైఫిలుకు బిగించిన టార్చి వెలిగించగానే, గాడీ పూసా చిరుత భుజంపై అప్పటికే కుదిరి ఉన్నాయి. వెంట్రుకవాసి జరపవలసిన పని లేకపోయింది. మీట నొక్కాడు. అంతలోనే టార్చి ఆరిపోయింది. రెండవ గుండుకు వెలుగు లేదు. తెల్లవారేవరకు చీకటిలో చెవులు రిక్కించి కూర్చున్నాడు.

ఉదయం దిగి చూస్తే చిరుత చనిపోయి ఉన్నది. కార్బెట్ దాని దేహాన్ని కొలిచి, గాయాల గుర్తులన్నీ నమోదు చేశాడు. ఎడమ వెనుక పాదంలో ఒక వేలు, దాని గోరు లేవు. 1921లో రుద్రప్రయాగ వంతెన గోపురంపై కాపు వేసిన ఒక సైనికాధికారి, వంతెన దాటుతున్న చిరుతపై పేల్చిన గుండు తగిలిన చోటు అది.