తాళం తీసినా ఆగని పొగ

మా నాన్నగారు 1999లో కొన్న మారుతి 800 అది. తెల్లది, కార్బ్యురేటర్ బండి. ఆయన పోయాక నా చేతికి వచ్చింది. పదిహేనేళ్లు నిండినప్పుడు గుంటూరులో బండి చూపించి ఆర్‌సీ మరో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాను. అమ్మేయమని చాలామంది చెప్పారు. అమ్మకు ఇష్టం లేదు. ముందు ఎడమ సీటు ఆమెది. నాన్న బండి నడుపుతుంటే పదమూడేళ్లు ఆ సీట్లోనే కూర్చుంది.

ఆయన పెట్టించిన క్యాసెట్ డెక్కు ఒకటుండేది. అది టేపులు నమిలేయడం మొదలుపెట్టింది. ఘంటసాల పాటలు పెన్‌డ్రైవ్‌లో వేసి అమ్మకు వినిపిద్దామని కొత్త స్టీరియో కోసం బయల్దేరాను. దుకాణంలో అడుగుపెట్టాక నా కోరిక పెరిగింది. చదువుకునే రోజుల నుంచీ కార్లో గుండెకు తగిలేంత బేస్ వినాలని ఉండేది. స్టీరియోతో పాటు పది అంగుళాల ఊఫర్, దాని చెక్క బాక్సు, యాంప్లిఫయర్ తీసుకున్నాను. బిగింపుతో కలిపి పద్నాలుగు వేలు. 2015 అక్టోబరులో విజయవాడలో ఒక దుకాణంలో బిగించారు. రెండు గంటల పని. ఆ రెండు గంటలూ నేను ఎదురు హోటల్లో కూర్చున్నాను. బండి దగ్గరే నిలబడి ఉండాల్సింది.

స్టీరియోకి కరెంటు బండిలో ముందే ఉన్న వైర్ల నుంచి, కంపెనీ ఇచ్చిన ఫ్యూజు బాక్సు మీదుగా వస్తుంది. పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎర్రది తాళం తిప్పితేనే వచ్చేది, నల్లది ఎర్తు. యాంప్లిఫయర్‌కి ఆ వైర్లు చాలవు. మా దాని పెట్టె మీద వెయ్యి వాట్లు అని రాసి ఉంది. దానికి ఉన్న ఫ్యూజు మాత్రం 30 ఆంపియర్లది. పన్నెండు వోల్టుల బండిలో 30 ఆంపియర్లంటే 360 వాట్లు. పెట్టె మీది అంకెను నమ్మకూడదని నాకు తర్వాత తెలిసింది. ఆ 30 ఆంపియర్లకైనా బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు లాగాల్సిందే. బ్యాటరీ ప్లస్ దగ్గర మొదలై, ఇంజనుకూ మనం కూర్చునే చోటుకూ మధ్య ఉన్న రేకులోంచి దూరి, కార్పెట్ కింద నుంచి యాంప్లిఫయర్ దాకా వెళ్తుంది ఆ వైరు. దారిలో ఎక్కడా తాళం లేదు. బండి ఆగి ఉన్నా, తాళం చెవి మన జేబులో ఉన్నా, అందులో కరెంటు ఉంటూనే ఉంటుంది.

అందుకే ఆ వైరుకు బ్యాటరీ పక్కనే, అడుగున్నర లోపు, ఒక ఫ్యూజు పెట్టాలి. నేను ఆ మాట ఎక్కడో విని అడిగాను కూడా. “యాంప్‌కే ఫ్యూజు ఉంది సార్, ఇంకోటి దండగ” అని బిగించిన కుర్రాడు యాంప్లిఫయర్ పక్కన ఉన్న ఫ్యూజును చూపించాడు. నాకు సబబుగానే తోచింది. యాంప్లిఫయర్ మీది ఫ్యూజు యాంప్లిఫయర్‌ని కాపాడుతుంది. బ్యాటరీ నుంచి అక్కడిదాకా ఉన్న ఏడెనిమిది అడుగుల వైరును కాపాడే దిక్కేదీ లేదని అప్పుడు నాకు తట్టలేదు.

బండి నాలుగు నెలల పాటు నాకు చెబుతూనే వచ్చింది. రాత్రిపూట బేస్ పడ్డప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారేవి. చిన్న బండి, చిన్న బ్యాటరీ, దానికి మించిన బరువు అది. యాక్సిలరేటర్ నొక్కితే స్పీకర్లలో సన్నగా ఈల వినిపించేది. రెండుసార్లు పొద్దున్నే బండి స్టార్ట్ కాలేదు. అప్పుడు మళ్లీ అదే దుకాణానికి వెళ్తే, యాంప్లిఫయర్‌ని ఆన్ చేసే సన్న వైరును తాళంతో ఆగని వైరుకు కలిపారని తేలింది. రాత్రంతా యాంప్లిఫయర్ మేలుకునే ఉండేదట. దాన్ని సరిచేసి పంపారు. ఒక వైరు తప్పు కలిపినవాళ్లు మిగతావి ఎలా కలిపారో చూద్దామన్న ఆలోచన నాకు రావాల్సింది. జనవరిలో ఒకరోజు స్పీడ్ బ్రేకర్ దాటుతుంటే ప్లాస్టిక్ మాడిన వాసన వచ్చింది. దిగి వాసన చూశాను, పోయింది. మళ్లీ ఎక్కి వెళ్లిపోయాను.

2016 ఫిబ్రవరిలో ఒంగోలులో చుట్టాల పెళ్లి. గుంటూరులో బయల్దేరేసరికే పొద్దుపోయింది. నా పక్కన అమ్మ, అప్పటికి ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. వెనక మా ఆవిడ, ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి పదకొండు, చిన్నదానికి ఆరు. చిలకలూరిపేట దాటాం. మార్టూరు ఇంకా రాలేదు. గుంతలో చక్రం పడింది. లైట్లు ఒక్కసారి తగ్గి మళ్లీ వెలిగాయి, పాట ఆగిపోయింది.

“నాన్నా, కాళ్ల కింద వేడిగా ఉందేంట్రా” అంది అమ్మ.

నేను ఎడమ పక్కకు తీసి ఆపేలోపే డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ వచ్చింది. నల్లని, ముద్దగా ఉండే పొగ. గొంతులో గుచ్చుకుంది. తాళం తిప్పి ఇంజను ఆపేశాను. పొగ ఆగలేదు. తాళం చెవి బయటికి లాగేశాను. అయినా ఆగలేదు, ఇంకా పెరిగింది. ఆ క్షణం నేను స్తంభించిపోయాను. తాళం తీస్తే బండిలో అన్నీ ఆగిపోతాయని ఇరవై ఏళ్లుగా నమ్మినవాణ్ణి.

వెనక తలుపులకు చైల్డ్ లాక్ వేసి ఉంది, చిన్నది నడుస్తున్న బండిలో తలుపు తీస్తుందని నేనే వేశాను. మా ఆవిడ లోపల నుంచి హ్యాండిల్ లాగుతోంది, తలుపు రావడం లేదు. “ఏవండీ, తలుపు! తలుపు!” అన్న అరుపు ఇప్పటికీ నాకు నిద్రలో వినిపిస్తుంది. నేను దిగి, బయట నుంచి తలుపు తీసి పిల్లల్ని చేతికి దొరికినచోట పట్టుకుని లాగాను. చిన్నదాని భుజం బెణికింది. ముగ్గుర్నీ రోడ్డు దింపి, చుట్టూ తిరిగి అమ్మ తలుపు తీసేసరికి ఆమె సీటు బెల్టు తీసుకోలేక పెనుగులాడుతోంది. కాళ్ల కింద కార్పెట్ అంటుకుంది. రబ్బరు చెప్పులు కరిగి పాదాలకు అతుక్కుపోయాయి. నేను ఒంగి బెల్టు నొక్కుతుంటే కుడి చెయ్యి సీటు అంచున ఆ వైరుకు తగిలింది. పైతొడుగు కరిగి మండుతోంది. అరచెయ్యి చర్మం దానికే ఉండిపోయింది. నొప్పి అప్పుడు తెలియలేదు. అమ్మను ఎత్తుకుని పొలం గట్టు దాకా తీసుకెళ్లాను.

వెనక వస్తున్న లారీ ఆగింది. డ్రైవరు యాభై ఏళ్ల మనిషి. ఏం జరిగిందని అడగలేదు. పానా, మంటలార్పే సిలిండరు పట్టుకుని దిగాడు. “అయ్యా, బానెట్ తీశారా?” అన్నాడు. తీయలేదు. ఆయనే లోపలికి చెయ్యిపెట్టి లివరు లాగి, బానెట్ కొద్దిగా ఎత్తి సందులోంచి పౌడరు కొట్టాడు. తర్వాత పూర్తిగా ఎత్తి ముందు మైనస్ టెర్మినల్ విప్పాడు. మైనస్సే ముందు ఎందుకో తర్వాత చెప్పాడు. ప్లస్ విప్పుతూ పానా బండి రేకుకు తగిలితే మళ్లీ అదే మంట. మైనస్ ఊడిపోయాక ఆ భయం లేదు. నిమిషంలో పొగ తగ్గిపోయింది. పెట్రోలు పైపుల దాకా మంట వెళ్లకముందే ఆ మనిషి వచ్చాడు. పేరు అడగలేదు నేను. 108 వచ్చేదాకా అమ్మ పాదాల మీద తన నీళ్ల డబ్బా పోస్తూ కూర్చున్నాడు.

అమ్మ పదిహేడు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఎడమ పాదానికి తొడ చర్మం తీసి అతికించారు. నాలుగో నెలలో మళ్లీ నడిచింది. నా అరచెయ్యి మానింది, వేళ్లు పూర్తిగా ముడుచుకోవు.

బండిని గుంటూరు తెచ్చాక మాకు తెలిసిన మెకానిక్ ఆ రేకు చూపించాడు. వైరు దూర్చడానికి రేకులో కొత్తగా రంధ్రం పెట్టారు. అంచు నునుపు చేయలేదు, చుట్టూ రబ్బరు బుష్షు వేయలేదు. ఇంజను అదురుకు ఆ పదునైన అంచు వైరు తొడుగును రోజూ కొద్దికొద్దిగా కోసింది. ఆ గుంతలో తీగ రేకుకు ఆనింది. బండి రేకంతా బ్యాటరీ మైనస్సే కాబట్టి ప్లస్సూ మైనస్సూ నేరుగా కలిసినట్టే. ఇంజనును తిప్పగలిగే బ్యాటరీ అది, అలా కలిస్తే వందల ఆంపియర్లు పారతాయి. ఫ్యూజు ఉండి ఉంటే రెప్పపాటులో అదే కాలిపోయేది, పాట ఆగేది, అంతే. ఫ్యూజు లేదు కాబట్టి వైరే కాలింది, అమ్మ కాళ్ల కింద. రెండో సంగతి కూడా ఆయనే గీకి చూపించాడు. పైకి రాగిలా కనిపించే ఆ వైరు లోపలంతా అల్యూమినియం.

దుకాణానికి వెళ్లాను. తమ దగ్గర బిగించినట్టు బిల్లు చూపించమన్నారు. బిల్లు తీసుకోలేదు నేను. ఇన్సూరెన్సు థర్డ్ పార్టీ ఒక్కటే, దానిలో మన బండికి పైసా రాదు. ఫుల్ ఇన్సూరెన్సు ఉన్నవాళ్లు కూడా తర్వాత బిగించిన ఎలక్ట్రికల్ సామాన్ల విలువ పాలసీలో చెప్పి, దాని మీద అదనపు ప్రీమియం కట్టి ఉంటేనే వాటికి బీమా ఉంటుంది. ఆసుపత్రి ఖర్చు కోసం మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాం.

ఆ కుర్రాడి మీద నాకు ఇప్పుడు కోపం లేదు. అతనికి నేర్పినవాళ్లు అలాగే నేర్పి ఉంటారు. నా మీద నాకున్న కోపం మాత్రం పోలేదు. ఫ్యూజు గురించి అడిగినవాణ్ణి, దండగ అన్న మాటకు తల ఊపాను. ఫ్యూజు, దాని హోల్డరు కలిపి అప్పట్లో రెండు వందల రూపాయలు కూడా అయ్యేవి కావు. రబ్బరు బుష్షు పది రూపాయలు.

బండి తుక్కు కింద పోయింది. అమ్మ ఇప్పుడు మా కొత్త కార్లో ఎక్కుతుంది. వెనకే కూర్చుంటుంది, చెప్పులు విప్పి పాదాలు నేలకు ఆనించి, వేడి తగులుతుందేమో చూసుకుంటుంది.

పాత బండికి ఊఫర్ బిగించుకున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఇవాళే బానెట్ ఎత్తండి. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరిన లావు వైరును వేలితో పట్టుకుని రేకు దాకా వెళ్లండి. దారిలో ఫ్యూజు కనిపించాలి, రేకు దగ్గర రబ్బరు కనిపించాలి. ఈ రెండిట్లో ఏ ఒక్కటి లేకపోయినా, ముందు మైనస్ విప్పి, తర్వాత ఆ వైరు ఊడదీసి, కొసకు టేపు చుట్టి, మళ్లీ మైనస్ బిగించి అప్పుడు బండి తీయండి.