రెండు సింహాసనాల మనుమడు

హైదరాబాదు వెళ్ళినవారు చార్మినారు చూడకుండా తిరిగిరారు. ఆడవారైతే గాజుల కోసం లాడ్ బజారులోకి దిగకుండా అసలే రారు. కాని ఆ బజారు దాటి మరికాస్త ముందుకు నడిస్తే చౌమహల్లా ప్యాలెస్ ఉన్నదనీ, టిక్కెట్టు కొనుక్కొని ఎవరైనా లోపలికి వెళ్ళవచ్చుననీ చాలామందికి తోచదు. మొన్న చలికాలంలో నేను మా అత్తయ్యగారిని వెంటబెట్టుకొని వెళ్ళాను.

ఆవిడ పుట్టిల్లు నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. 1948 గడబిడల్లో చంటిపిల్లగా ఉన్న ఆవిడను చంకన వేసుకొని ఇంటిల్లిపాదీ ఊరు విడిచారట. వెట్టిచాకిరీ, గడీలు, దొరల దౌర్జన్యం - నిజాము పేరెత్తితే ఆ ఇంట వినిపించిన మాటలు ఇవే. అందుకే "ఆయనగారి కొంప నేనెందుకు చూడాలి?" అని గొణుగుతూనే గేటు దాటారు.

నాలుగు మహళ్ళు, మధ్య నీటి కొలను, ఆవల ఖిల్వత్ అనే దర్బారు హాలు. పైన 19 బెల్జియం షాండ్లియర్లు, కింద చలువరాతి గద్దె. 7వ నిజాము ఉస్మాన్ అలీఖాన్ 1967 ఫిబ్రవరిలో చనిపోగా, ఏప్రిల్‌లో ఆయన మనుమడు ముకర్రం జాకు పట్టాభిషేకం జరిగింది ఈ ప్యాలెస్‌లోనే.

"అప్పటికి రాజ్యం ఏదీ, అమ్మాయ్?" అన్నారు అత్తయ్యగారు.

నిజమే. రాజ్యం 1948 సెప్టెంబరులోనే పోయింది. మిగిలినవి బిరుదు, భరణం, ఆస్తి. ఆ మూటను మోయవలసి వచ్చినవాడి కథ ఇది.

ముకర్రం జా పుట్టుకే విచిత్రం. 1924లో టర్కీ ప్రభుత్వం ఖలీఫా పదవిని రద్దుచేసి, చివరి ఖలీఫా అబ్దుల్ మజీదును కుటుంబంతో సహా దేశం దాటించింది. ఆయన ఫ్రాన్సులోని నీస్ పట్టణంలో తలదాచుకుంటే, ఇక్కడినుంచి భరణం పంపింది ఉస్మాన్ అలీఖాన్. 1931లో ఖలీఫా కూతురు దుర్రె షెహ్వార్‌ను పెద్దకొడుకు ఆజం జాకు, ఆ వంశపు పిల్ల నీలోఫర్‌ను రెండో కొడుకు మొజ్జం జాకు చేసుకున్నాడు. 1933 అక్టోబరు 6న నీస్‌లో దుర్రె షెహ్వార్ కడుపున పుట్టినవాడే ముకర్రం జా. తల్లివైపు తాత అప్పటికే గద్దె దిగినవాడు. తండ్రివైపు తాత ఇంకా గద్దె మీద ఉన్నవాడు. పిల్లవాడికి పదిహేనేళ్ళు నిండకుండానే ఆ గద్దె కూడా పోయింది.

చదువు డూన్ స్కూలు, హారో, కేంబ్రిడ్జి. ఉస్మాన్ అలీఖాన్ సొంత కొడుకును కాదని ఈ మనుమణ్ణి వారసుడిగా నిర్ణయించాడు. ఒకనాడు ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరుపొందిన తాతగారి ఆస్తి అంటే మాటలా! దానితోపాటు వేలమంది నౌకర్లు, తాతగారి కుటుంబాలు, వాటాల తగాదాలు, పన్నులు, కోర్టులు వచ్చిపడ్డాయి. 1971లో 26వ రాజ్యాంగ సవరణతో బిరుదు, రాజభరణం కూడా పోయాయి.

ఇంకొకరైతే ఇక్కడే కూర్చొని నెట్టుకొచ్చేవారేమో. ఆయనకు దర్బారు కంటే యంత్రాల మీద మోజు. ఆస్ట్రేలియా పడమటి తీరాన లక్షల ఎకరాల గొర్రెల మేతభూమి కొని, బుల్డోజరు తానే నడుపుతూ, నూనె మరకల బట్టలతో తిరిగేవాడు. బహుశా ఆ బీడులో ఎవరూ సలాములు చేయకపోవడమే ఆయనకు హాయి. కాని ఇక్కడి ఆస్తి కరుగుతూ వచ్చింది, అక్కడ అప్పులు పెరిగాయి, ఆ భూమీ చేజారింది. అయిదు పెళ్ళిళ్ళు చేసుకున్నా చివరికి టర్కీలో ఒక మామూలు ఫ్లాటులో ఒంటరిగా కాలం గడిపాడు. తాత వెళ్ళగొట్టబడిన ఇస్తాంబుల్‌లోనే 2023 జనవరి 14న మనుమడు కన్నుమూశాడు.

ఈలోగా ఈ చౌమహల్లా పాడుపడి గడ్డి మొలిచింది. దీన్ని నిలబెట్టింది ఎప్పుడో విడిపోయిన ఆయన మొదటి భార్య ఎస్రా. ఆమె తిరిగి వచ్చి, పనివారిని పెట్టి, గదులు బాగుచేయించింది. 2005లో ప్యాలెస్ జనానికి తెరిచారు. 2010లో యునెస్కో పురస్కారం వచ్చింది. ఈ సంగతి విన్నాక అత్తయ్యగారు తలుపు చెక్కడాలను కాస్త నిదానంగా చూడసాగారు.

అక్కడినుంచి మక్కా మసీదుకు నడిచాం. ప్రాంగణంలో ఒక పక్క కమానుల మంటపం కింద అసఫ్‌జాహీల సమాధులు ఉన్నాయి. ఇస్తాంబుల్‌నుంచి తెచ్చిన ముకర్రం జా భౌతికకాయాన్ని చౌమహల్లాలో ప్రజల దర్శనార్థం ఉంచి, 2023 జనవరి 18న ప్రభుత్వ లాంఛనాలతో ఇక్కడ ఖననం చేశారు. కడపటి కోరికగా అడిగింది ఈ కాస్త నేలే.

అత్తయ్యగారు చాలాసేపు నిలబడ్డారు. "మేము ఊరు విడిచినప్పుడు మా నాయనమ్మ గుమ్మం పట్టుకొని ఏడ్చిందట, తన ప్రాణం అక్కడే పోవాలని," అన్నారు. "ఆవిడకు ఆ యోగం లేకపోయింది. పోనీలే, ఈయనకైనా దక్కింది." ఆ గొంతులో క్షమ ఉన్నదో, ఈర్ష్య ఉన్నదో నాకు తెలియలేదు. అడగలేదు కూడా.

తిరుగు దారిలో పురానీ హవేలీ దగ్గర ఆటో ఆగింది. పక్కనే దుర్రె షెహ్వార్ పేరిట ఆసుపత్రి. బిడ్డలను ఎత్తుకొని తల్లులు లోపలికి వెళుతున్నారు. ఆమె తోడికోడలు నీలోఫర్ పేరిట ఉన్న దవాఖాన సంగతి చెప్పనక్కరలేదు. జిల్లాల నుంచి జబ్బు పిల్లలను తీసుకువచ్చేవారందరికీ ఆ పేరు నోటికి వచ్చు. ఆమె ఏ దేశపు రాకుమారి అని ఎవరూ అడగరు.

"మా పెద్దవాణ్ణి నీలోఫర్‌లోనే బతికించారు," అన్నారు అత్తయ్యగారు, ఉన్నట్టుండి. ముప్ఫయ్యేళ్ళుగా ఆవిడ ఇంట్లో మసలుతున్నాను. ఆ మాట అదే మొదటిసారి వినడం.

చౌమహల్లాకు శుక్రవారం సెలవు. వెళ్ళదలచినవారు వేరే రోజు చూసుకొని పొద్దున్నే బయలుదేరండి.