అడగక ముందే నిందించాం

మా పెద్దబ్బాయికి ఉద్యోగం దొరికింది. నెలకు 25,000 అన్నారు. ఆ ధైర్యంతోనే చెల్లెలి కాలేజీ ఫీజు కడతామని మాటిచ్చాం. తీరా ఆఫర్ లెటరు చూస్తే చేతికందేది 21,199! "మోసం! చేరవద్దు" అన్నాం కోపంగా. వాడు తొందరపడలేదు. సంతకం పెట్టకుండా, వివరం కోరుతూ మర్యాదగా ఉత్తరం రాశాడు.

జవాబు వచ్చింది. బేసిక్ 12,500 మీద కంపెనీ కట్టే పి.ఎఫ్. 1,500, గ్రాట్యుటీకి 601, వాడి వాటా పి.ఎఫ్. 1,500, వృత్తి పన్ను 200. ఇవన్నీ ఆ 25,000 లోనివేనట.

మొత్తం జీతం వేరు, చేతికొచ్చేది వేరు అని మాకు తెలియలేదు. వాడు ఉద్యోగంలో చేరాడు. ఫీజుకు గడువు మేమే వెళ్ళి అడిగాం. ప్రియ చదువరులారా, సంతకానికి ముందే అడగండి. అడిగాకే తీర్పు చెప్పండి.