అయిదుకి మూడు

నాన్నకి పేగు ఆపరేషన్ అయిన మూడో రాత్రి సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం ఎగదన్నింది. బెల్లు నొక్కిన పదిహేను నిమిషాలకి సిస్టర్ వచ్చింది. సంజాయిషీ ఏమీ చెప్పుకోలేదు. పాత సూది తీసేసి, కొత్తది గుచ్చేముందు కళ్లు మూసుకుని “ప్రభువా” అనుకుంది. నాన్న ఎర్రజెండా మనిషి, దేవుడి మాట ఎత్తితేనే గయ్యిమంటాడు. ఆ రాత్రి మాత్రం మారు మాట్లాడకుండా చెయ్యి చాపాడు. ఒక్కసారికే నరం దొరికింది.

డిశ్చార్జి రోజు ట్యాబ్ చేతికిచ్చి రేటింగ్ అడిగారు. ఆ పదిహేను నిమిషాలే గుర్తొచ్చి, నర్సింగ్ కేర్ దగ్గర అయిదుకి మూడు నొక్కేశాను.

కుట్లు విప్పించడానికి వెళ్తే ఆవిడే ఎదురైంది. “మూడేసింది మీరేనా సార్?” నవ్వుతూనే అడిగింది. బెడ్ నంబరుని బట్టి తెలిసిపోతుందట. ఆ నెల ఇన్సెంటివ్ పోయింది. ఆ రాత్రి వార్డంతటికీ ఉన్నది ఇద్దరే, అందులో ఒకామెని ఐసీయూకి పంపేశారు. ఇవన్నీ ఫిర్యాదులా కాదు, వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పింది. బెల్ కర్వ్‌ని పదేళ్లుగా ప్రతి ఏప్రిల్లోనూ తిట్టుకునేవాణ్ణి నేను. టీంలో అందరూ బాగా చేసినా ఎవడో ఒకణ్ణి కిందకి తొయ్యాల్సిందే కదా అని. అదే పని నేనూ వేలికొసతో చేసొచ్చాను.

ఫ్లారెన్స్ నైటింగేల్ 1837లో దేవుడు తనని పిలిచాడని రాసుకుంది. క్రిమియా యుద్ధం నుంచి వచ్చాక ఆవిడ కూర్చుని చావుల్ని లెక్కగట్టింది. సైనికుల్ని గాయాలకంటే ఆపగలిగిన జబ్బులే ఎక్కువ చంపాయని 1858లో రంగుల పటాలు గీసి చూపించింది. ఆ లెక్కలు సర్కారునీ సైన్యాన్నీ నిలదీయడానికి. మనవాళ్లు భక్తిని అలాగే ఉంచి, లెక్కని తిప్పి నర్సు మీద పెట్టారు. నాన్న వార్డు గోడ మీదా “మానవసేవే మాధవసేవ” అని ఉంది. జీతాలిచ్చేవాళ్లు రాయించిన సూక్తులంటే నాకు కొంచెం అనుమానం. (2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, చిన్న ప్రైవేటు ఆసుపత్రుల్లోనైనా నర్సుకి నెలకి 20,000 తగ్గకూడదంది. ఆవిడకెంతో అడగలేకపోయాను.)

విశ్వాసం వల్ల పని బాగుపడుతుందా? ఆ రాత్రి చూశాను కాబట్టి పడుతుందనే అంటాను. ప్రార్థన ఎందుకు చేస్తారని మాత్రం అడిగాను.

“చెయ్యి వణక్కుండా సార్. పన్నెండో గంటకి వణుకుతుంది.”

రేటింగ్ మార్చొచ్చా అని కౌంటర్లో అడిగితే, “ఒకసారి సబ్మిట్ చేస్తే అంతే సార్” అన్నాడు కుర్రాడు. అలాంటి ఫారాలు నేనూ చాలా రాశాను. ఎడిట్ బటన్ పెట్టడం మహా అయితే అరపూట పని.