ఆఖరి బెంచీకి గడువెంత?

మొన్న రాత్రి నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఫోన్ చేసింది. బీఈడీ చేస్తోంది. టీచింగ్ ప్రాక్టీసు కోసం రోజూ ఒక హైస్కూలుకి వెళ్తోంది.

"మేడమ్, ఏడో తరగతిలో హాస్టల్ పిల్లలు నలుగురికి ఆటలమ్మ పోసింది. తగ్గిపోయింది కూడా. పొక్కులెండి పక్కులు రాలిపోయాయి. అయినా వాళ్ళని ఆఖరి బెంచీలోనే కూర్చోబెడుతున్నారు. మధ్యాహ్నం కంచాలు కూడా వేరే మూల పెట్టిస్తున్నారు. అదేమంటే జాగ్రత్త కోసం అంటున్నారు."

"ఊళ్ళో పిల్లలకెవరికీ రాలేదా?" అనడిగాను.

"ఇద్దరికొచ్చింది మేడమ్. వాళ్ళు తగ్గాక వచ్చి ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నారు."

హాస్టల్ అంటే సోషల్ వెల్ఫేర్ హాస్టల్. ఇంతకుమించి ఆ అమ్మాయి చెప్పక్కర్లేదు, నేను అడగక్కర్లేదు.

నేనూ ఏడో తరగతిలో ఉండగానే మా హాస్టల్‌కి గజ్జి వచ్చింది. ఒక గదిలో ముప్ఫైమందిమి, ఇద్దరికో దుప్పటి. అట్లాంటి చోట ఒకరికొస్తే ఇంకొకరికి రాకుండా ఎట్లా ఉంటుంది? ఒకరోజు అటెండెన్సు అయ్యాక క్లాసు టీచరు "హాస్టలోళ్ళంతా లేచి వెనక్కెళ్ళండి" అన్నారు. గజ్జి ఉన్నవాళ్ళని అనలేదు, హాస్టలోళ్ళని అన్నారు. నాకప్పటికి గజ్జి లేదు. లేచి నిలబడి, రెండు చేతులూ చాపి, వేళ్ళు విడదీసి చూపించాను, నాకు లేదు సార్ అని. ఆయన నా చేతుల వంక చూడనేలేదు. ఆయన చూడనందుకు బాధ ఎప్పుడో పోయింది. నా పక్కనున్న పిల్లల్ని వదిలేసి నేనొక్కదాన్నే తప్పించుకోవాలని చూశానే, ఆ సిగ్గు మాత్రం ఇంకా పోలేదు.

ఆ రోజునుంచి మా పేరు గజ్జి బ్యాచ్. నోట్సు అడిగితే నేలమీద పెట్టి తీసుకోమనేవాళ్ళు. కబడ్డీలో మేం కూతకెళ్తే మమ్మల్ని పట్టుకునేవాళ్ళు లేరు. మేం ముట్టుకోకముందే అవతలివాళ్ళు గీత దాటి ఔటయిపోయేవాళ్ళు. మొదటిరోజు భలే గెలిచామని నవ్వుకున్నాం. మూడోరోజు ఆడటం మానేశాం.

తర్వాత పీహెచ్‌సీ నుంచి నర్సమ్మ వచ్చింది. లోషన్ సీసాలిచ్చి, గజ్జి ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ ఒకే రాత్రి మెడ దగ్గర్నుంచి అరికాళ్ళ దాకా రాసుకోవాలంది. బట్టలూ దుప్పట్లూ అన్నీ ఒకేసారి వేడినీళ్ళలో ఉతికి ఎండేయించింది. ఒకరికి రాసి ఒకరికి మానేస్తే మళ్ళీ చుట్టుకుంటుందట. నెల తిరక్కముందే గజ్జి పోయింది. మేం మాత్రం సంవత్సరం పరీక్షల దాకా ఆ వెనక బెంచీల్లోనే ఉన్నాం. ఇక ముందుకు రండి అని ఎవరూ అనలేదు. మేమూ అడగలేదు.

ఆటలమ్మ సంగతే చూడండి. దద్దుర్లు కనపడటానికి ఒకటి రెండు రోజుల ముందునుంచే ఇతరులకి అంటుతుంది. పొక్కులన్నీ ఎండి పక్కు కట్టాక అంటదు. మామూలుగా ఇది దద్దుర్లు మొదలయ్యాక వారం లోపు ముగిసే వ్యవహారం. అంటే నిజంగా అంటే రోజుల్లో ఆ పిల్లలు అందరి మధ్యనే కూర్చున్నారు, ఎవరికీ తెలీదు. ఇక అంటదని తేలిన తర్వాత వెనక్కి వెళ్ళారు. మరి ఆ ఆఖరి బెంచీ ఎవర్ని ఏ రోగం నుంచి కాపాడుతున్నట్టు?

తెలుగు పాఠం చెప్పుకునేదాన్ని కాబట్టి ఈ 'అంటు' అనే మాట నన్ను వదలదు. మామిడికి అంటు కడితే మంచి కాపు. అదే మాట రోగానికి తగిలితే అంటువ్యాధి, మనిషికి తగిలితే అంటరానితనం. అంటువ్యాధికి మొదలూ చివరా ఉన్నాయి, మందుంది, డాక్టరు చెప్పే గడువుంది. రెండోదానికి గడువు లేదు. బడిలో జరిగే మోసమంతా మొదటిదాని పేరు చెప్పి రెండోదాన్ని నడిపించడంలోనే ఉంది.

కరోనా కాలం గుర్తుందిగా. 2020 మార్చిలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ భౌతిక దూరం అనడం మొదలుపెట్టింది, మనుషుల మధ్య సంబంధాలు తెగకూడదని. మనవాళ్ళు మాత్రం 'సామాజిక దూరం' అనే మాటని చాలాకాలం ముద్దుగా పెంచుకున్నారు. మడీ మైలా సైన్సేనని వాట్సాపుల్లో ఊరేగారు. ముస్లిం పేరుంటే చాలు, కూరగాయలు కొనడం మానేశారు. 2021 మార్చిలో తెలంగాణలో హాస్టళ్ళలో కేసులొచ్చి బడులు మళ్ళీ మూసినప్పుడు మా అక్క కూతురు గురుకులం నుంచి పెట్టె పట్టుకుని ఇంటికొచ్చింది. టెస్టులో నెగెటివ్. అయినా వీధి పిల్లలు దాన్ని ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ కరోనా అనే పిలిచారు.

జనవరి 3న సావిత్రిబాయి ఫోటోకి దండేసే టీచర్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు, సంతోషం. ఆమె ఎట్లా చనిపోయిందో ఎంతమంది పిల్లలకి చెబుతున్నారు? 1897లో పుణె ప్రాంతంలో ప్లేగు. కొడుకు యశ్వంత్ డాక్టరు, ఊరి బయట రోగులకి వైద్యం చేస్తున్నాడు. ముంఢ్వా దగ్గర మహర్‌వాడలో ఒక పిల్లాడికి ప్లేగని తెలిసి ఆమె వాణ్ణి వీపున మోసుకుని ఆ ఆసుపత్రికి తెచ్చింది. ఆ ప్లేగు ఆమెకీ సోకి మార్చి 10న పోయింది. ఇప్పటి మాష్టర్లని ఎవర్నీ మొయ్యమని నేనడగడం లేదు. రోగం తగ్గిన పిల్ల పక్కన ఒక పూట కూర్చోమంటున్నాను.

ఆ అమ్మాయితో అదే అన్నాను. ముందు హెచ్ఎం గారిని ఒక్కటే అడుగు, ఈ పిల్లలు ఏ తేదీ దాకా వెనక కూర్చోవాలి, ఆ తేదీ ఏ డాక్టరు రాశారు అని. ఊళ్ళో ఇద్దరికి ఆ తేదీ ఎందుకు వర్తించలేదో తర్వాత అడుగు. ప్రార్థనలో నిలబెట్టి ఎవరెవరికి వచ్చిందో పేర్లు చదవనివ్వకు. మధ్యాహ్నం నీ కంచం తీసుకెళ్ళి ఆ మూల కూర్చో. పిల్లల్ని మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిందని చేతిలో ఉంచుకో, అవసరమైతే తియ్యి.

"నా ప్రాక్టీసు మార్కులు ఆయన చేతిలోనే ఉన్నాయి మేడమ్" అంది.

దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఆ మార్కులు నా చేతిలో లేవు. ప్రతి సోమవారం క్లాసు మొత్తానికీ బెంచీలు మార్చే పద్ధతి పెడదామని అడిగితే ఎవరికీ కోపం రాదు కదా అని ఒక ఉపాయం చెప్పాను. చెబుతుంటే నాకే నచ్చలేదు. జరిగిన దానికి పేరు పెట్టకుండా సర్దేయడం అది. కానీ ఆ పిల్లలు మళ్ళీ పొద్దున్నే బడికి వెళ్ళాలి, నా సిద్ధాంతం తేలేదాకా ఆగలేరు.

నిన్న సాయంత్రం మళ్ళీ ఫోన్. ఆఖరి బెంచీలో కూర్చుందట, ఆ మూలే అన్నం తిందట. తింటుంటే ఒక పిల్ల కంచం పక్కన పెట్టి, రెండు చేతులూ చాపి, "నాకు తగ్గిపోయింది మేడమ్, చూడండి" అందట.

"నువ్వేమన్నావ్?"

"చేతులు దించి అన్నం తినమన్నాను మేడమ్."

హెచ్ఎం గారు తేదీ సంగతి సోమవారం చెబుతానన్నారట. కాలేజీకి సెలవు పెట్టాను. సోమవారం నేనూ వెళ్తున్నాను.