అమ్మకు బస్సు పడదు

మా అమ్మకు బస్సు పడదు. కొత్తచెరువులో ఎక్కింది మొదలు ధర్మవరంలో దిగేవరకు నిమ్మకాయ వాసన చూస్తూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంటుంది. చిన్నప్పుడు మేము నలుగురిలో సిగ్గుపడేవాళ్ళం. పెద్దయ్యాక, "మనసు గట్టి చేసుకోమ్మా" అని విసుక్కునేవాళ్ళం. అందుకే కాబోలు, చూపు మందగించినా అనంతపురం వెళ్ళి కంటి డాక్టరుకు చూపించుకుందామంటే రెండేళ్ళు ఏదో ఒక సాకు చెప్పింది.

సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న హైదరాబాదు ఐఐటీ ఆవరణలో 2025లో డ్రైవరు లేని బస్సులు నడిపారు. ఆరుగురు పట్టేది ఒకటి, పధ్నాలుగురు పట్టేది ఒకటి. మా అబ్బాయి ఆ సంగతి చెబుతుంటే అమ్మ ఆశగా అడిగింది: "దాంట్లో ఎక్కితే వాంతి రాదా నాయనా?"

"ఇంకా ఎక్కువ వస్తుందేమో అవ్వా" అని వాడు వివరించాడు. మన లోపలి చెవి ఒంటి కదలికను పసిగడుతుంది. బస్సు ఊగితే కదులుతున్నామని మెదడుకు చెబుతుంది. కండ్లు ముందు సీటునే చూస్తుంటే కదలడం లేదంటాయి. ఈ రెండు సాక్ష్యాలు కుదరకనే కడుపులో తిప్పుతుంది. డ్రైవరుకు మలుపు, బ్రేకు ముందే తెలుసు గనుక అతని ఒళ్ళు సిద్ధపడి ఉంటుంది. డ్రైవరు లేని బండిలో అందరూ ప్రయాణికులే. ఫోను చూసుకుంటూ పోయేవారికి ఈ బాధ హెచ్చవచ్చని పరిశోధకులు అంటున్నారు. మెల్లగా బ్రేకు పడేలా చేయడం, మలుపు వస్తున్నదని దీపంతోనో శబ్దంతోనో ముందే తెలపడం వంటి ఉపాయాలు పరీక్షిస్తున్నారు.

అది విన్నాక మాకు మాట రాలేదు. అమ్మది మనసు బలహీనత కాదు. యంత్రానికి నేర్పుతున్న ఆ పాటి శ్రద్ధ కన్నబిడ్డలమైన మాకు లేకపోయింది.

మరుసటి వారం అమ్మను బస్సులో ముందు సీటులో, కిటికీ ప్రక్కన కూర్చోబెట్టాము. దూరంగా కొండలను చూడమన్నాము. "ఎడమకు తిరుగుతుందమ్మా, గతుకు వస్తుందమ్మా" అని ముందే చెబుతూ వెళ్ళాము. ఒక్కసారి వికారం వచ్చింది గాని వాంతి కాలేదు. శుక్లం బాగా ముదిరిందనీ, ఇన్నాళ్ళు ఎందుకు ఆగారనీ డాక్టరుగారు అడిగారు. అమ్మ మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు.

ప్రియ పాఠకులారా, మీ ఇంట్లోనూ బస్సు పడనివారు ఉండవచ్చు. ముందు సీటు ఇవ్వండి. బయలుదేరే ముందు మితంగా తిననివ్వండి. దారిలో చదవవద్దని చెప్పండి. మాత్ర కావాలంటే డాక్టరును అడగండి; కొన్నింటితో మగత వస్తుంది. ఒక్క మాట మాత్రం అనకండి: "మనసు గట్టి చేసుకో" అని.